ఇళ్ళ మీద ఆసక్తి లేని హైమావతి గారు

పాత ఇల్లు కనిపిస్తే నాళం హైమావతి గారు ఆగకుండా పోలేరు. కొంతమంది గుడి ముందు చెప్పులు విడిచి ఓ దణ్ణం పెట్టుకుని వెళ్ళినట్టు, ఆవిడ రోడ్డు దాటి వెళ్ళి గోడ మీద అరచెయ్యి ఆనించి, చెమ్మ ఎంతవరకూ ఎక్కిందో చూసి, కిటికీ చెక్కని గోటితో గీకి, టేకో మద్దో తేల్చుకుని అప్పుడు కదులుతారు. కాకినాడలో ఇరవై ఏళ్ళుగా ఆవిడ వ్యాపారం అదే. బ్యాంకులు వేలం వేసినవీ, అన్నదమ్ములు పంచుకోలేక తాళం వేసినవీ, దెయ్యముందని ఎవరూ అద్దెకి రానివీ చూసి కొంటారు. బాగుచేయిస్తారు. అమ్ముతారు. దెయ్యం ఉన్న ఇళ్ళలో ఎక్కువ భాగం పైపు కారే ఇళ్ళేనని ఆవిడ అనుభవం.

ఆవిడ దగ్గర కొనేవాళ్ళు డబ్బు మూటతో వచ్చే రకం కాదు. బ్యాంకులో గృహరుణం దొరికితేనే కొనగలరు. అందుకని హైమావతి గారే వాళ్ళని బ్యాంకుకి తీసుకెళ్ళి, పక్కన కూర్చుని, ఏ కాగితం వెనక ఏ కాగితం పెట్టాలో చెప్పేవారు. దానికి విడిగా ఏమీ తీసుకునేవారు కాదు. ఇల్లు అమ్ముడుపోవడమే ఆవిడకి లాభం.

ఆ సంవత్సరం జగన్నాథపురంలో రెండు గదులూ, ముందు చిన్న వసారా ఉన్న ఇల్లు ఒకటి బాగుచేయించారు. దాన్ని కొనుక్కోవడానికి ఎస్తేరు రాణి అనే ఆవిడ ముందుకొచ్చింది. ఓ ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. భర్త పోయాడు, పిల్లల్లేరు, ముసలి తల్లి ఉంది. వాళ్ళుంటున్న మేడగది యజమాని ఆ మేడ పడగొట్టి అపార్ట్‌మెంటు లేపుతానని, దసరా వెళ్ళగానే ఖాళీ చెయ్యమని చెప్పేశాడు. ఎస్తేరు దాచుకున్నదంతా అడ్వాన్సుగా ఇచ్చింది. మిగతాది బ్యాంకు ఇవ్వాలి.

ఇద్దరూ బ్యాంకులో బల్ల మీద కూర్చున్నారు.

"పదిహేనేళ్ళకి పెట్టమంటారాండి, ఇరవయ్యేళ్ళకా?" అని అడిగింది ఎస్తేరు.

"ఇరవై పెట్టించుకోమ్మా. చేతిలో డబ్బు ఆడినప్పుడు ఎక్కువ కట్టుకోవచ్చు. తక్కువ పెట్టించుకుని నెలాఖరుకి చేతులు నలుపుకోకూడదు," అన్నారు హైమావతి గారు.

పక్కన చలానా రాసుకుంటున్న మనిషి కలం మూసి లేచి నిలబడ్డాడు.

"అమ్మా, మీరిప్పుడు ఒక మాటన్నారు."

"చాలా మాటలన్నాను బాబూ. ఏ మాట?"

"ఇరవై పెట్టించుకోమన్నారు. నేను రుణ సంధాతల ప్రాధికార మండలి ఇన్‌స్పెక్టర్నండి. పేరు తాతాజీ. మీ దగ్గర లైసెన్సుందాండి?"

"దేనికి?"

"ఆ మాట అనడానికండి."

హైమావతి గారికి తెలియని సంగతేమిటంటే, అప్పటికి కొద్ది వారాల క్రితమే కొత్త చట్టం వచ్చింది. ఎక్కడో కొందరు ఇళ్ళ వ్యాపారులు, లేని ఇళ్ళు చూపించి, ఉన్న బ్యాంకుల్లో అప్పులు ఇప్పించి, కొన్నవాళ్ళని నట్టేట ముంచారు. ప్రభుత్వానికి కోపం వచ్చింది. మోసం చేసినవాళ్ళు దొరకలేదు కాబట్టి చట్టం దొరికినవాళ్ళకి వర్తించింది. దాని ప్రకారం, "గృహరుణము విషయమై ఒకరు మరొకరికి, ప్రతిఫలాపేక్షతో గాని, అపేక్ష లేకుండ గాని, మాటచేత గాని, సైగచేత గాని సలహా, ప్రోత్సాహము లేక నిరుత్సాహము కలిగించుట" రుణ సంధానం. అది చెయ్యడానికి లైసెన్సు ఉండాలి. లైసెన్సు ఉన్నవాళ్ళు రుణ సంధాతలు. ఇకమీదట ఏ గృహరుణం ఫైలు మీదైనా ఒక సంధాత సంతకం ఉంటేనే బ్యాంకు ముట్టుకోవాలి.

"సరే, తప్పయింది. మాట వెనక్కి తీసుకుంటాను. ఎస్తేరూ, నీ ఇష్టం వచ్చినన్నాళ్ళకి పెట్టుకో," అన్నారు హైమావతి గారు.

"అది రెండో సలహా అవుతుందండి," అన్నాడు తాతాజీ నొచ్చుకుంటూ. ఎస్తేరు ఫైలు మీద ఎర్ర సిరాతో "సంధాన దోషము" అని రాసి మేనేజరుకి ఇచ్చాడు. లైసెన్సు లేని నోటి సలహా తగిలిన ఫైలు, ఆ నోటికి లైసెన్సు వచ్చేదాకా కదలకూడదట.

ఎస్తేరు బయటికి వచ్చాక, "నేను అడక్కుండా ఉండాల్సిందండి," అంది. ఆ మాట హైమావతి గారికి ముల్లులా దిగింది. మర్నాడు పొద్దున్నే మండలి ఆఫీసుకి వెళ్ళారు.

*

ఆఫీసు రొయ్యల మేత నిలవచేసే పాత గోదాములో పెట్టారు. వాసన ఇంకా ఖాళీ చెయ్యలేదు. సంయుక్త సంచాలకులు విశ్వంభరరావు గారు సన్నగా, శుభ్రంగా, ఇస్త్రీ చేసిన పంచాంగంలా ఉన్నారు. చట్టం ముసాయిదా రాసిన ముగ్గురిలో ఆయన ఒకరు. ఆయన లంచం తీసుకునే మనిషి కాదు. చట్టం మంచిదని మనస్ఫూర్తిగా నమ్మే మనిషి. అందువల్ల ఆయనతో పని మరీ కష్టం.

"లైసెన్సు మంజూరు మూడు దశలలో జరుగును. శిక్షణ, పరీక్ష, నిరాసక్తతా విచారణ," అన్నారాయన.

"చివరిదేంటండి?"

"ఇళ్ళ మీద ఆసక్తి ఉన్నవారు రుణాలలో వేలు పెట్టుట వల్లనే గదా అనర్థాలు. కావున సంధాతకు ఇళ్ళ మీద ఎట్టి ఆసక్తీ ఉండరాదు. అదే చట్టం ఆత్మ." ఆయన దరఖాస్తు ముందుకి జరిపారు. "అనుభవం అనే చోట ఏం రాస్తారు?"

"ఇరవయ్యేళ్ళండి."

"లైసెన్సు లేకుండా ఇరవయ్యేళ్ళ అనుభవం అనగా ఇరవయ్యేళ్ళ నేరం. అలా రాయకండి. అనుభవం లేదని రాయండి."

"అనుభవం లేకపోతే ఇవ్వరేమో గదండీ?"

"ఇవ్వము. అందుకే శిక్షణ."

హైమావతి గారు అనుభవం లేదని రాసి, సంతకం పెట్టబోతూ, అలవాటుకొద్దీ పక్క గోడ మీద చెయ్యి వేశారు. "అయ్యో, పైనేదో ట్యాంకు కారుతోందండి. ఈ గోడ వచ్చే వానాకాలం చూడదు."

విశ్వంభరరావు గారు కళ్ళజోడు సర్దుకుని, విచారంగా ఒక కాగితం మీద ఏదో రాసుకున్నారు.

"కట్టడములపై ఆసక్తి, తీవ్రం," అని చదివి వినిపించారు.

*

శిక్షణ ఒక కల్యాణమండపంలో. వధూవరుల కుర్చీల్లో ఒకదాంట్లో పాఠం చెప్పే ఆయన కూర్చునేవారు, రెండోదాంట్లో ఆయన సంచి. ఆయన రిటైరైన జంతుశాస్త్రం లెక్చరరు. మామగారిచ్చిన ఇంట్లో ఉంటూ జన్మలో అప్పు చెయ్యని మనిషి కావడంతో, రుణాల మీద ఆయనకి ఏ పక్షపాతమూ లేదని మండలి ఏరికోరి తీసుకుంది.

"రుణానికి జననం, వృద్ధి, క్షయం అని మూడు దశలు," అంటూ ఆయన బోర్డు మీద బొమ్మ వేసేవారు. అది ఎలా చూసినా కప్పలాగే ఉండేది. వెనక వరసలో ఒకాయన లేచి, "వడ్డీ ఎక్కడుంటుందండి?" అంటే, ఆయన కాసేపు ఆలోచించి కప్ప వెనక కాలు చూపించారు.

మొదట్లో తరగతిలో అందరూ ఇళ్ళ వ్యాపారులే. తరవాత జనం పెరిగారు. ఇన్‌స్పెక్టర్లకి నెలకిన్ని కేసులు పట్టాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. లోను కాగితాల మీద సంతకానికి గురువారం మంచిదన్న పురోహితుడు వచ్చాడు. గడ్డం గీస్తూ "బ్యాంకులో అయితే వడ్డీ తక్కువంటండి" అన్న మంగలి సింహాద్రి వచ్చాడు. ఓ పొద్దున కంచుమర్తి రత్నాయమ్మ గారు చేతిసంచీ, మంచినీళ్ళ సీసాతో వచ్చి హైమావతి గారి పక్కన కూలబడ్డారు. డెబ్బై దాటిన మనిషి.

"మీరేం చేశారండి?" అన్నారు హైమావతి గారు.

"మా అల్లుడితో, 'ఎన్నాళ్ళయ్యా ఆ అద్దె కొంపలో? ఏదో లోను పెట్టుకుని ఓ నీడ చూసుకో' అన్నానమ్మా. ఎవడో వాకిట్లో నిలబడి విన్నాడంట. వాడి నోట్లో మన్నుపడా!"

హాజరు వేస్తున్న తాతాజీ తల ఎత్తాడు. "ఎవడో కాదండి. నేనేనండి."

"నువ్వా! ఆ రోజు దాహమంటే మజ్జిగిచ్చాను గదయ్యా నీకు!"

"మజ్జిగ బాగుందండి. ఇది డ్యూటీ అండి," అన్నాడు తాతాజీ.

రోజూ సాయంత్రం హైమావతి గారు ఇంటికి వచ్చి చదువుకునేవారు. భర్త పాండురంగం గారు టెలిఫోన్ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. ముప్పై ఏళ్ళు ఇతరుల మాటలు కలుపుతూ కూర్చున్న మనిషి, ఇప్పుడు సొంత మాటలకి లోటు లేకుండా చూసుకుంటున్నారు. ఆయన ప్రశ్నలడిగేవారు, ఆవిడ జవాబులు చెప్పేవారు. జవాబులన్నీ సరైనవే. పరీక్షలో సున్నా వచ్చింది.

"ఇల్లు కొనదలచినవాడు నెలకు ఎంత చెల్లించగలడో సంధాత ఎట్లు తెలుసుకొనవలెను?" అన్నది మొదటి ప్రశ్న. హైమావతి గారు, "ముందు అతన్ని అడగాలి. తరవాత అతను లేనప్పుడు అతని భార్యని అడగాలి. భార్య చెప్పిందే లెక్క," అని రాశారు. సరైన జవాబు "అనుబంధం నాలుగు ద్వారా" అట. ఆ పరీక్షలో ఎవరూ పాసవలేదు. మండలి ఆ ఫలితాల్ని పేపర్లో వేయించింది. ఒక్కరూ ఉత్తీర్ణులు కాకపోవడమే ప్రమాణాలు ఎంత ఉన్నతంగా ఉన్నాయో చెబుతోందని కింద విశ్వంభరరావు గారి ప్రకటన.

రెండోసారి హైమావతి గారు ప్రతి ప్రశ్నకీ "అనుబంధం నాలుగు ద్వారా" అని రాసి వచ్చేశారు. జిల్లాలో ఆవిడ ఒక్కరే పాసయ్యారు.

"అనుబంధం నాలుగులో ఏముంది?" అన్నారు పాండురంగం గారు.

"ఇంకా అచ్చు కాలేదంట."

ఆ మధ్యలో ఓసారి ఎస్తేరు ఉంటున్న మేడకి వెళ్ళారు. దసరా వెళ్ళిపోయింది. యజమాని మాట మీద నిలబడే మనిషి. వాన తెరిపి ఇచ్చినప్పుడల్లా కూలీల్ని పెట్టి కొంచెం కొంచెం పడగొట్టిస్తున్నాడు. కింది వాటాకి తలుపులు లేవు. పిట్టగోడ లేదు.

"కొంచెం ఆగమన్నానండి. ఆగుతూనే కొడుతున్నాడు," అంది ఎస్తేరు. "నాకేముంది, సగం రోజులు డ్యూటీలోనే ఉంటాను. అమ్మకే. ఆ దుమ్ముకి దగ్గు."

లోపల్నించి దగ్గు వినిపించింది. హైమావతి గారు కూర్చోకుండానే వచ్చేశారు.

*

నిరాసక్తతా విచారణలో విశ్వంభరరావు గారు ఒక్కొక్క ఇంటి ఫోటో బల్ల మీద పెట్టేవారు. అభ్యర్థి చూడాలి. ఏమీ అనకూడదు. ముఖంలో ఏమీ కనబడకూడదు. హైమావతి గారు మేడలు దాటారు. డాబాలు దాటారు. రంగు వెలిసిన పెంకుటిల్లు కూడా గుటక మింగి దాటారు. ఆ తరవాత ఫోటోలో ఎవరో కొత్తగా కట్టిన ఇల్లు. వంటగదికి ఎదురుగానే మరుగుదొడ్డి తలుపు.

"ఏ చచ్చినాడు కట్టాడండీ ఇది!" అని అరిచేశారు.

విచారణ వాయిదా పడింది. అది విశ్వంభరరావు గారి తమ్ముడి ఇల్లని బయటికి వచ్చాక తాతాజీ చెప్పాడు.

ఆ తరవాత ఆవిడ సాధన మొదలుపెట్టారు. వీధిలో తల వంచుకుని నడిచారు. మేస్త్రీ ఫోన్ చేస్తే ఎత్తలేదు. పాండురంగం గారు పేపర్లో ఇళ్ళ ప్రకటనలు గట్టిగా చదివితే వింటూ, ముఖం కదలకుండా చిక్కుళ్ళకి ఈనెలు తీశారు. రెండో విచారణలో తమ్ముడి ఇల్లు మళ్ళీ పెట్టారు. హైమావతి గారు దానికేసి, కరెంటు బిల్లుకేసి చూసినట్టు చూశారు.

"అద్భుతం," అన్నారు విశ్వంభరరావు గారు. "ఇక ఒకటే చిక్కు. మీరు ఒక ఇంట్లో నివసిస్తున్నారు."

"అందరూ అంతే గదండీ?"

"ఆ ఇంటి మీద మీకు ఆసక్తి ఉండవచ్చును."

"మా వారి పేరున ఉందండి."

"భర్త ఆసక్తి భార్య ఆసక్తిగానే పరిగణించబడును. కావున దంపతులు ఇంటి గురించి మాట్లాడుకొనరాదు. క్షేత్ర పరిశీలన ఉంటుంది."

క్షేత్ర పరిశీలన అంటే తాతాజీ. వారం రోజులపాటు పొద్దున్నే వచ్చి ముందు గదిలో కుర్చీ వేసుకుని, దంపతులేం మాట్లాడుకుంటారో రాసుకోవాలి. పాండురంగం గారికి అది నరకమయింది. పంపు రాకపోతే చెప్పకూడదు. మెట్టు విరిగితే చెప్పకూడదు. ఆయన నోరు తెరవడం, తాతాజీ కలం ఎత్తడం, ఆయన నోరు మూసుకోవడం.

నాలుగో రోజు పెద్ద వాన పట్టింది. ముందు గది పైకప్పు కారడం మొదలుపెట్టింది. బాగుచేయించిన ఇళ్ళు ఊరంతా ఉన్నాయి గాని, సొంత ఇంటికి సున్నం కొట్టించే తీరిక హైమావతి గారికి ఏనాడూ లేదు. పాండురంగం గారు ఉండబట్టలేకపోయారు.

"హైమా, ఆకాశం లోపలికొచ్చింది," అన్నారు.

"రానివ్వండి," అన్నారావిడ వంటింట్లోంచి.

ధార సరిగ్గా తాతాజీ నెత్తిన పడుతోంది. అతను కుర్చీ అటు జరుపుకున్నాడు. అక్కడా పడింది. కాసేపాగి, "బక్కెట్టేమైనా ఉందాండి?" అన్నాడు.

"ఎందుకు బాబూ?" అన్నారు పాండురంగం గారు. "ఏదైనా కారుతోందా?"

తాతాజీ చాలాసేపు ఆలోచించాడు. కారుతోందంటే ఇంటి గురించి మాట తనే ఎత్తినట్టవుతుంది. "లేదండి. ఊరికే అడిగాను," అన్నాడు. సాయంత్రందాకా అలాగే తడుస్తూ కూర్చుని, "దంపతులకు గృహముపై ఆసక్తి మృగ్యము" అని తడి కాగితం మీద రాసి తుమ్ముకుంటూ వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు హైమావతి గారు అల్లం కాఫీ ఇచ్చారు.

*

రాష్ట్రంలో మొదటి రుణ సంధాత లైసెన్సు హైమావతి గారికి వచ్చింది. కల్యాణమండపంలోనే సభ పెట్టి శాలువా కప్పారు. "ఇళ్ళ వ్యాపారి ఒకరు ఇళ్ళ మీద ఆసక్తిని సమూలంగా జయించుట ఈ చట్టం సాధించిన మానవీయ విజయం," అన్నారు విశ్వంభరరావు గారు. ఆయన నిజంగానే కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు.

హైమావతి గారు శాలువాతోనే ఆటో ఎక్కి బ్యాంకుకి వెళ్ళారు. మేనేజరు ఎస్తేరు ఫైలు మీది సంధాన దోషాన్ని కొట్టేశాడు. ఆవిడ సంతకం పెట్టబోతుంటే మాత్రం ఫైలు వెనక్కి లాక్కున్నాడు.

"దీని మీద మీరు పెట్టకూడదండి. ఇల్లు అమ్మేది మీరే గదా. ఆ ఇంటితో సంబంధం లేని సంధాత పెట్టాలి."

"అలాంటివాళ్ళు ఎవరున్నారండి?"

"లైసెన్సున్నది రాష్ట్రంలో మీరొక్కరేనండి."

ఆవిడ అదే ఆటోలో మండలికి వెళ్ళారు.

"ఎవరి కోసమైతే నేను ఈ లైసెన్సు తీసుకున్నానో, ఆ ఒక్క మనిషికి తప్ప మిగిలిన లోకానికంతా సంతకం పెట్టొచ్చన్నమాట," అన్నారు.

"సరిగ్గా గ్రహించారు," అన్నారు విశ్వంభరరావు గారు మెచ్చుకోలుగా. "చాలామందికి ఇది ఒక పట్టాన బోధపడదు."

మర్నాడు పొద్దున పాండురంగం గారు పాలకోసం తలుపు తీస్తే వీధి కనబడలేదు. ఫైళ్ళు పట్టుకున్న జనం. బిల్డర్లు, బ్యాంకు ఏజెంట్లు, కొత్త దంపతులు. ఇళ్ళ వ్యాపారుల చేతికి రుణాలు చిక్కకూడదని పెట్టిన చట్టం, జిల్లాలో ఉన్న రుణాలన్నీ మోసుకొచ్చి ఒక ఇళ్ళ వ్యాపారి వీధరుగు మీద పెట్టింది. ఓ పెద్ద బిల్డరు కాజాల పెట్టెతో లోపలికి వచ్చి, ఫైలుకి ఇంత అని వేళ్ళు చూపించాడు. హైమావతి గారు ఆ వేళ్ళకేసి చూస్తూ ఉండిపోయారు. అబద్ధమెందుకు, ఆవిడకి ఆశ కలిగింది.

"ఒక్క ఏడాది కళ్ళు మూసుకుని సంతకాలు గీకితే," అన్నారు పాండురంగం గారు, బిల్డరు వెళ్ళాక, "నువ్వు మళ్ళీ ఓ పాతగోడ తడమక్కర్లేదు."

"ఆలోచిద్దాం," అన్నారావిడ. ఆలోచించడానికి బయల్దేరి ఎస్తేరు ఉంటున్న మేడకి వెళ్ళారు. ఎందుకు వెళ్ళారో ఆవిడకే తెలియదు.

మేడ మెట్లు లేవు. కొట్టేశారు. మెట్లున్న చోట వెదురు నిచ్చెన ఆనించి ఉంది. ఎస్తేరు తెల్ల చీర కుచ్చిళ్ళు దోపుకుని, భోజనం డబ్బా పంటితో పట్టుకుని, నిచ్చెన దిగుతోంది. కిటికీలోంచి తల్లి కింద ఉన్న హైమావతి గారిని చూసింది.

"అమ్మా, తమరేనా? మెట్లు తీసేసిన కాణ్ణించి నేను దిగలేదు. మా పిల్ల ఎక్కుతాది, దిగుతాది. నేనెప్పుడు దిగుతానో తమరే సెప్పాలి," అంది ముసలావిడ. కోపంగా కాదు. బస్సెప్పుడొస్తుందని అడిగినట్టు.

హైమావతి గారు ఇంటికి వచ్చి, వీధరుగు మీద నిలబడి జనంతో చెప్పారు. "జగన్నాథపురం ఇల్లు కొనుక్కునే ఎస్తేరు రాణి ఫైలు మీద ఇంకో సంధాత సంతకం పడేదాకా నేను ఎవరి ఫైలు మీదా పెట్టను. ఇంకో సంధాతని తయారుచెయ్యమని మండలి వారిని అడగండి."

బిల్డరు కాజాల పెట్టె వెనక్కి తీసుకుపోయాడు. జిల్లాలో గృహరుణాలు ఆగిపోయాయి. తీసిన పునాదుల్లో నీళ్ళు నిలిచాయి. బ్యాంకు మేనేజర్లు పై ఆఫీసులకి రాశారు, బిల్డర్లు మంత్రులకి ఫోన్లు చేశారు. చివరికి విశ్వంభరరావు గారు స్వయంగా, చట్టం పుస్తకం చంకన పెట్టుకుని హైమావతి గారింటికి వచ్చారు.

"ఇది విధి నిరాకరణ అగును," అన్నారు నిలబడే.

"కూర్చోండి. అక్కడ కాదు, అక్కడ ఆకాశం కారుతుంది. ఇటు." ఆవిడ మంచినీళ్ళిచ్చారు. "నిరాకరణ కాదండి. సంధాత ఏ ఇంటి మీదా ఆసక్తి చూపకూడదని మీరే గదా రాశారు? ఒక ఫైలు తీసి చదవాలంటే ఎంతోకొంత ఆసక్తి ఉండాలి గదండీ. నాకు లేదు. ఏ ఫైలు మీదా లేదు. రెండుసార్లు విచారించి మీరే ధ్రువీకరించారు."

విశ్వంభరరావు గారు పుస్తకం తెరిచారు. ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి తిప్పారు. పాండురంగం గారు సైతం మాట్లాడలేదు.

"ఇది..." అని ఆయన ఆగారు. ముఖంలో మెల్లగా, కొడుకు ఉద్యోగం కొట్టిన తండ్రికి వచ్చే వెలుగు వచ్చింది. "ఇది పూర్తిగా నిబంధనల ప్రకారమే ఉన్నది."

"మరి?"

"ఒక ప్రత్యేక పరీక్ష పెట్టెదము," అన్నారాయన.

ప్రత్యేక పరీక్షలో కల్యాణమండపం తరగతి మొత్తం ప్రతి ప్రశ్నకీ "అనుబంధం నాలుగు ద్వారా" అని రాసి, మూకుమ్మడిగా పాసయింది. మంత్రుల ఫోన్లు ఆగకపోవడంతో నిరాసక్తతా విచారణ ఒకే పూటలో అందరికీ కలిపి జరిపించారు. ఫోటోలు వరసగా చేతులు మారుతూ రత్నాయమ్మ గారి దగ్గరికి వచ్చాయి. ఆవిడ కళ్ళజోడు తెచ్చుకోలేదు.

"ఎవరివమ్మా ఈ కొంపలన్నీ? నాకెందుకివి?" అన్నారు.

విశ్వంభరరావు గారు ఆవిడకి అత్యుత్తమ నిరాసక్త అని రాశారు.

ఎస్తేరు ఫైలు రత్నాయమ్మ గారి ముందుకే వచ్చింది. ఆవిడ దాన్ని తెరవకుండా పక్కన పెట్టి, ఎస్తేరుని ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు.

"జీతం టయానికిస్తారా?"

"ఓ వారం అటూ ఇటూగా ఇస్తారండి."

"తాగే మొగుడేమైనా ఉన్నాడా?"

"పోయాడండి."

"పోయింది మొగుడా, తాగుడా?"

"రెండూ ఒకేసారి పోయాయండి," అంది ఎస్తేరు.

రత్నాయమ్మ గారు ఆవిడ ముఖంలోకి ఒక్క క్షణం చూసి, సంతకం పెట్టేశారు. "ఇది కట్టుద్ది," అన్నారు మేనేజరుతో. ఆ పరీక్ష ఏ అనుబంధంలోనూ లేదని మేనేజరు అనబోయాడు గాని, లైసెన్సున్న మనిషితో వాదించడం ఎందుకులే అనుకున్నాడు.

*

మండలి వార్షిక నివేదికలో కాకినాడని ఆదర్శ జిల్లాగా రాశారు. ఒకే పరీక్షలో ఒక మంగలికి, ఒక పురోహితుడికి, ఒక అత్తగారికి సైతం లైసెన్సు లభించుట చట్టం అట్టడుగు వర్గాలకు చేరిందనడానికి నిదర్శనమని అందులో ఉంది. విశ్వంభరరావు గారికి రాజధానికి బదిలీ, పదోన్నతి వచ్చాయి. అక్కడ ఆయన అద్దె ఇళ్ళ గురించి చట్టం రాస్తున్నారని విన్నాం.

ఎస్తేరు తల్లిని మేడ మీంచి దించడానికి ఆసుపత్రి నుంచి ఇద్దరు వార్డుబాయ్‌లు స్ట్రెచరు పట్టుకుని వచ్చారు. ముసలావిడ దాని మీద పడుకోనంది. "సచ్చినోళ్ళని దించినట్టు నన్ను దించకండి," అని నిచ్చెన మీద తనే ఒక్కో మెట్టూ దిగింది. కింద వాళ్ళిద్దరూ చేతులు చాచి నిలబడ్డారు, అంతే.

ఆదివారం జగన్నాథపురం ఇంట్లో పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేసి వెళ్ళారు. ఆసుపత్రి వాళ్ళు, ఇరుగుపొరుగు వాళ్ళు భోంచేసి వెళ్ళిపోయారు. రత్నాయమ్మ గారూ, ఎస్తేరు తల్లీ వసారాలో కూర్చుని అల్లుళ్ళ మీద పడ్డారు. ఒకరికి అల్లుడు లేడు, ఒకరికి ఉన్నాడు. మాటకి మాత్రం లోటు రాలేదు. హైమావతి గారు లోపల గదిలో కుర్చీలో, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కొత్తగా వేసిన సున్నం కేసి చూడకుండా కూర్చున్నారు. ఇల్లిప్పుడు తనది కాదు. చెప్పడానికి ఏమీ లేదు.

ఎస్తేరు భర్త ఫోటో తీసుకొచ్చింది. స్టూలు వేసుకుని, మేకు గోడకి ఆనించి, సుత్తి ఎత్తి, ఆగింది.

"ఏంటమ్మా?" అన్నారు హైమావతి గారు.

"ఏం లేదండి. అద్దె ఇళ్ళలో మేకులు కొట్టనిచ్చేవాళ్ళు కాదు. ఎవర్ని అడగాలా అని ఆగాను." ఎస్తేరు నవ్వింది. కళ్ళు తుడుచుకుంది. కొట్టింది.

మేకు వంగింది. పెచ్చు ఒకటి రాలింది. ఇంకోటి తీసి కొట్టింది. అదీ వంగింది. మూడో మేకు ఎక్కడ పెడుతోందో చూసి హైమావతి గారు ఇక ఉండలేక లేచారు.

"అక్కడ రాయుందమ్మా, దిగదు. రెండు వేళ్ళు కిందకి రా," అని, చీర కొంగు దోపుకుని, "ఇటివ్వు," అంటూ సుత్తి తీసుకున్నారు.